పండని పురుగు

జనవరి 19, ఆదివారం

తిరుపతి నుంచి పలమనేరు దాకా రెండు ప్లాస్టిక్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. పక్క సీటావిడ చిత్తూరు దాటేవరకు ఓర్చుకుని చివరికి అడిగేసింది, ఏం స్వీటమ్మా అది అని. కందిరీగలు అన్నాను. ఆమె లేచి డ్రైవరు వెనక సీటుకు వెళ్ళిపోయింది. కిటికీ పక్క సీటు నాకు దక్కింది.

ఇంటికి రాగానే మొదటి పని, స్ప్రేయరును కొట్టం అటక మీదికి ఎక్కించడం. నిచ్చెన నేనే వేసుకున్నాను. సంతకు తోలేసే ఎద్దును చూసినట్టు దాన్ని చూశాడు నాయన. చూడనీ.

అక్టోబరులో క్యాబేజీకి మందు కొడుతూ గట్టు మీద పడిపోయిన మనిషి. నోటి వెంట నురగ. కంటిపాప గసగసం గింజంత అయిపోయింది. అది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు చిత్తూరు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఇన్నేళ్ళుగా కొట్టిన మందు ఒంట్లో దాని పని అది చేసింది, రక్తం ఇంకా కోలుకోలేదు, వేసవి దాకా ఆ మందు దరిదాపులకు పోకూడదు. ఈసారి ఎక్కువ అక్కర్లేదమ్మా, కొంచెమే చాలు అంది.

అందుకే ఈ కందిరీగలు. సొంత ఇంటి పొలాన్ని ట్రయల్‌కు పెట్టడం మా లాబ్ పెద్ద నరేంద్ర సార్‌కు ఇష్టం లేదు. నెల రోజులు ఆయన చెవిలో జోరీగలా తిరిగి ఒప్పించాను. క్యాబేజీ ఉంటే ఆకు తినే డైమండ్ రెక్కల పురుగు పడుతుంది, పురుగు పడితే నాయన చేతులు ఊరుకోవు. పురుగు సంగతి చూసుకోవడానికి ఇంకెవరో ఉండాలి.

"ఇవి పురుగుల్ని చంపేస్తాయి నాయనా, నువ్వు ఊరికే కూర్చో" అన్నాను.

"ఎన్ని దినాలకు?"

వారం అన్నాను. ఈ చలిలో పన్నెండు రోజులైనా పడుతుంది. చంపడం అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. అదంతా విడమరిచి చెబితే ఆయనకు అర్థమయ్యేది లేదు, చెప్పే ఓపిక నాకూ లేదు.

జనవరి 20

మంచు విడిచాక కందిరీగలను చేన్లో వదిలాం. నాయన తలకు టవలు చుట్టుకుని వచ్చాడు. చేతి మీద వాలిన కందిరీగను కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. ఆవగింజలో సగం ఉంటుంది అది. "ఇదేనా నీ సైన్యం? దీన్ని మన పురుగే మింగేస్తాది గదా పాపా" అన్నాడు. ఆయన నవ్వి చాలా రోజులైంది. నాకు అది చాలు.

నెల కిందటే గట్టు వెంబడి రెండు సాళ్ళు ఆవాలు చల్లించి పెట్టాను. పురుగుకు క్యాబేజీ కంటే ఆవ ఆకు ముద్దు, ముందు దానికే పడుతుంది. వాటి జోలికి పోవద్దని చెప్పాను. నీ పురుగులకు విందా అని ఎగతాళి చేశాడు.

ఒక ఆకు అడుగున పచ్చ పురుగు, వడ్లగింజంత. కందిరీగ వాలింది, తోక వంచింది, గుచ్చింది, పోయింది. పురుగు ఒకసారి గింజుకుని మళ్ళీ ఆకు గీకడం మొదలుపెట్టింది. ఏమీ కాలేదే అన్నాడు నాయన. అవుతుంది అన్నాను.

ఏమవుతుందో రాసుకుంటే నాకే ధైర్యంగా ఉంటుంది. ఆ గుచ్చడంలో గుడ్డు ఒక్కటే పోదు, గుడ్డుతో పాటు ఒక వైరస్ పోతుంది. కందిరీగకు అది జబ్బు కాదు, ఆస్తి. తల్లి నుంచి కూతురికి వస్తుంది, కందిరీగ కడుపులోనే తయారవుతుంది. పురుగు ఒంట్లోకి పోయాక అది పెరగదు కూడా. పురుగు రక్తంలో కావలి కణాలుంటాయి, లోపలికి ఏ పరాయిది వచ్చినా చుట్టుముట్టి ఊపిరాడనివ్వవు. వైరస్ వాటి చేతులు కట్టేస్తుంది. పక్కనే గుడ్డు పెరుగుతున్నా కావలివాళ్ళు చూస్తూ ఊరుకుంటారు. ఆపైన, రెక్కలొచ్చే వేళ వచ్చినా పురుగును మారనివ్వదు. లోపలి పిల్ల కడుపు నిండేదాకా పురుగును పురుగుగానే బతికించి ఉంచుతుంది. ఎన్నిసార్లు మైక్రోస్కోపు కింద చూసినా ఇక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మా ఇంట్లో పట్టుపురుగులు పెంచిన రోజుల్లో నాయన తెల్లవారగానే తట్టల మీదికి వంగి చూసి "పండినాయి" అనేవాడు. ఆకు తినడం మాని, ఒళ్ళు పసుపు తిరిగి, గూడు కట్టే చోటు కోసం తల ఎత్తి వెతికేది పండిన పురుగు. ఇంటిల్లిపాదీ కూర్చుని వాటిని ఏరి, గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేసేవాళ్ళం. ఈ రోజు కందిరీగ కుట్టిన పురుగులు ఎప్పటికీ పండవు.

జనవరి 22

తిరుపతి. అమ్మ ఫోను చేసింది. పురుగులన్నీ బతికే ఉన్నాయట. బతికే ఉంటాయి మరి.

జనవరి 24

ఫిబ్రవరి ఆరున పెద్దవాళ్ళు వస్తున్నారు. మా ప్రాజెక్టుకు నిధులిచ్చేవాళ్ళు. మార్చితో నా కాంట్రాక్టు అయిపోతుంది, పొడిగించాలా వద్దా అన్నది వాళ్ళ నోట్లోంచి రావాలి. మిగతా రెండు ప్లాట్లు ఏనుగులు తొక్కేశాయి కాబట్టి మీ నాయన పొలమే చూపిద్దాం అన్నాడు నరేంద్ర సార్. వద్దన్న పొలమే దిక్కయింది.

రాత్రి ఈ సంగతి నాయనకు ఫోన్లో చెప్పాను. "ఆ రోజు చేన్లో పురుగులు కనబడితే నా ఉద్యోగం గోవిందా" అన్నాను. ఊరికే అన్నాను, నవ్వుతూ. అటు నుంచి నవ్వు రాలేదు. సిగ్నలు సరిగా లేదు మా ఊళ్ళో.

జనవరి 26, ఆదివారం

ఇంటికి వెళ్ళి వచ్చాను. చేనంతా తిరిగాను. ఆకులు జల్లెడలైపోయాయి. పురుగులు పుష్టిగా ఉన్నాయి, ముట్టుకుంటే వెనక్కి గింజుకుని దారం పట్టుకుని కిందికి జారుతున్నాయి. నాయన నా వెనకే ఒక్కో సాలూ నడిచాడు.  చివరి సాలు దగ్గర ఆగాడు.

"వారమైపాయ గదమ్మా. ఇంకా సావలేదే."

ప్రతిదానికీ తొందరేనా నాయనా అని విసుక్కున్నాను. పురుగు బతికి ఉండటమే మంచి గుర్తు అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటకు వెనక వైరస్ చెప్పాలి, కావలి కణాలు చెప్పాలి, నాలుగు గంటల బస్సు తప్పిపోతుంది. వచ్చేవారం తీరిగ్గా చెబుతాను.

బస్సెక్కాక చూస్తే స్టాపు దగ్గర ఇంకా నిలబడే ఉన్నాడు. భానుచందర్ పురుగుమందుల అంగడి అరుగు మీద. ఎండ కోసమనుకుంటాను.

జనవరి 29

అమ్మ ఫోను. ఏనుగులు దిగాయని నాయన తెల్లవారకముందే చేను కాపలాకు పోతున్నాడట. పోనివ్వద్దంటే వినడం లేదట. పోనీలేమ్మా అన్నాను. మనిషి లేచి తిరుగుతున్నాడంటే ఒంట్లో సత్తువ వచ్చినట్టే కదా. ఇంట్లో ఎంతకని కూర్చుంటాడు.

ఫిబ్రవరి 1, శనివారం

పనిచేసింది.

పనిచేసింది, పనిచేసింది. సాలు సాలూ తిరిగాను, ఆకు ఆకూ తిప్పి చూశాను. క్యాబేజీ మీద ఒక్క బతికిన పురుగు లేదు. కింద మట్టిలో రాలి నల్లబడి ఉన్నాయి. కొత్త ఆకు ఎంత శుభ్రంగా వస్తోందో! ఫోటోలు తీసి సార్‌కు పంపాను, నిమిషంలో బొటనవేలు బొమ్మ వచ్చింది. ఈయన పొగడ్తకు బొటనవేలే ఎక్కువ.

ఇంత త్వరగా అవుతుందని నేనూ అనుకోలేదు. పుస్తకాల లెక్క లాబ్‌లోది, పొలం లెక్క వేరు. అనుభవం అంటే ఇదే.

చేన్లో ఘాటుగా మందు వాసన. పక్కన చిన్నబ్బ టమాటాకు కొట్టినట్టున్నాడు, గాలి ఇటుంది. నాయనను ఆ గాలికి కూర్చోవద్దని ఇంటికి తోలాను. లేస్తుంటే చూశాను, బనీను వీపుకు అంటుకుపోయి ఉంది. ఇంత చలిలో చెమటేమిటి అంటే, ఏనుగుల్ని తరిమి వచ్చినాను గదా అన్నాడు. "సూసినావా నీ ఈగలు, గెలిసినాయి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి. నేను పదో తరగతి పాసైనప్పుడు చూశాను ఆ ముఖం, మళ్ళీ ఇప్పుడే.

ఫిబ్రవరి 2

గూళ్ళు కనబడలేదు. పిల్ల పెరిగి పురుగును చీల్చుకుని బయటికి వచ్చాక ఆకు మీద తెల్లటి గూడు అల్లుకోవాలి, బియ్యపు నూకంత. క్యాబేజీ మీద ఒక్కటీ లేదు. చలి కదా. ఆవాల సాళ్ళు చూసే టైము లేకపోయింది.

చచ్చిన పురుగులను సీసాల్లో వేసుకున్నాను. లాబ్‌లో రూతుకు చూపించాలి.

ఫిబ్రవరి 3

లాబ్‌లో నా పక్క బల్ల రూతుది. పుత్తూరు పిల్ల. వాళ్ళ ఊళ్ళో విరిగిన ఎముకను తడిమి చెబుతారంటారు, ఈ పిల్ల పురుగును తడిమి చెబుతుంది. సీసా ముందు పెట్టి, చూడవే నా విజయం అన్నాను. ఒక్కోదాన్ని కోసి లెన్సు కింద పెట్టింది. 

సగానికి పైగా పురుగుల్లో కందిరీగ పిల్లలున్నాయట. నేను కుర్చీలోంచి లేచాను. రూతు లేవలేదు.

"అవీ సచ్చిపోయుండాయక్కా. గూడు కట్టే వయసు ఇంకా రాలేదు వాటికి. పురుగు ముందే సచ్చిపోతే లోపల పిల్ల యాడ బతుకుతాది? ఎవురో మందు కొట్టినారు."

"మా నాయన కొట్టడు" అన్నాను.

"మీ నాయనని నేను అన్లేదే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. చిన్నబ్బ మందు గాలికి కొట్టుకొచ్చి ఉంటుందన్నాను. ఉండొచ్చంది. ఈగ కుట్టిన పురుగుకు మందు ఎక్కువ అక్కర్లేదు గదక్కా, కాపలా పడిపోయిన ఒళ్ళు, కొంచెమే సాలు అంది.

కొంచెమే చాలు. ఈ మాట నేను ముందొకసారి విన్నాను.

ఆరో తేదీ దాటేవరకు సార్‌కు చెప్పవద్దన్నాను. సరే అంది. నా ముఖం చూడకుండా లెన్సు తుడుచుకుంటూ అంది.

ఫిబ్రవరి 4

అమ్మ ఫోను. నాయనకు నోట్లో ఊరికే నీళ్ళూరుతున్నాయట. అన్నం సయించడం లేదు. నిన్న సూదిలోకి దారం ఎక్కించబోయి, కళ్ళు మసకేస్తాండాయి అన్నాడట. కళ్ళజోడు మార్చి మూడేళ్ళయింది, మార్చాలి. నోట్లో నీళ్ళు పైత్యానికి. కాపలా అని మంచులో తిరిగితే పైత్యం చేయదా? చలి మనిషిని ఇంత పాడుచేస్తుంది.

గాలికి మందు కొట్టుకురావడం జరిగేదే. చాలాచోట్ల జరిగింది. చిన్నబ్బ పెద్ద స్ప్రేయరు వాడతాడు.

అమ్మ చివర్లో ఇంకో మాట అంది. ఏనుగులు ఈ పక్కకు రాలేదంట కదా, అటు అడవి అంచు ఊళ్ళలోనే ఉన్నాయంట, మీ నాయన ఎవరికి కాపలా పోతాండాడో అంది. నవ్వుతూ అంది. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 5

సాయంత్రం ఇంటికి వచ్చాను. రేపు పదింటికి వస్తారు. వస్తూనే చేను చూశాను, అద్దంలా ఉంది.

చిన్నబ్బ చేను కూడా చూశాను. టమాటా లేదు. ఎప్పుడో పీకేసినట్టున్నాడు, ఎండిన కట్టెలు కుప్ప వేసి ఉన్నాయి, దున్నిన నేల మీద గడ్డి మొలిచి ఉంది.

ఆ రోజు వచ్చిన మందు వాసన చిన్నబ్బ చేనిది కాదు.

రేపు మాట్లాడతాను. వాళ్ళు వెళ్ళాక, నాయనను కూర్చోబెట్టి నిదానంగా అడుగుతాను. ఒక్క పూటలో ఏం కాదు. కొట్టం అటక మీదికి ఎక్కి చూడలేదు. చీకటి పడింది, నిచ్చెన ఎక్కడుందో.

ఫిబ్రవరి 7

చిత్తూరు. ఆసుపత్రి వరండా. అమ్మ గోడకు ఆనుకుని నిద్రపోయింది. నేను రాయకపోతే ఇక్కడే అరుస్తాను.

నిన్న పదిన్నరకు జీపు వచ్చింది. నాయన ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడి అందరికీ చేతులు జోడించాడు. వచ్చినవాళ్ళలో తెలుగు రాని ఒక పెద్దాయన ఆకులు తిప్పి చూసి తెగ మెచ్చుకున్నాడు, ఒక్క పురుగు లేదన్నాడు. సార్ దాన్ని నాయనకు తెలుగులో చెప్పాడు. నాయన నన్ను చూసి నవ్వాడు. నవ్వుతూనే టవలుతో మూతి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. టవలు ఒక చివర అంతా తడి.

ఎండగా ఉంది, రా నాయనా అని మోటారు షెడ్డు నీడలోకి తీసుకుపోయాను. నీడలోకి వస్తే ఎవరికైనా కంటిపాప పెద్దదవుతుంది. ఆయనది కాలేదు. గసగసం గింజంత.

నాయనా అని పిలిచేలోపే మోకాళ్ళు వంగిపోయాయి. పడిపోయాక ఛాతీ నీళ్ళ బిందెలా గుడగుడమంది. వాళ్ళ జీపులోనే వేసుకుని పలమనేరు, అక్కడినుంచి అంబులెన్సులో ఇక్కడికి. దారి పొడుగునా అమ్మ ఆయన మూతి తుడుస్తూనే ఉంది.

అదే డాక్టరమ్మ. టార్చి వేసి కళ్ళు చూసింది. మందు ఏమైనా కొట్టినాడా అని అడిగింది. నేను చెప్పేలోపు నరేంద్ర సార్ చెప్పేశాడు. పాపం, ఆయనకు తెలిసింది ఆయన చెప్పాడు. లేదు డాక్టర్, అది మా ట్రయల్ ప్లాటు, అక్కడ మందన్నది వాడలేదు, గుండెదేమో చూడండి అన్నాడు. ఆమె చేతిలోని సిరంజి ఆగింది. నా వైపు తిరిగింది. సార్ నా వైపు చూశాడు. అమ్మ కూడా.

నేను నోరు తెరవడానికి ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాయను.

"కొట్టినాడు మేడం" అన్నాను. "వారం పైన్నుంచి కొడతా ఉండాడు. అక్టోబరులో కొట్టిన మందే. నాకు తెలుసు."

నాకు తెలుసు అన్నప్పుడు అమ్మ నా చెయ్యి వదిలేసింది.

ఆ తర్వాత మందుకు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఒకదాని వెనక ఒకటి. గొంతులోకి గొట్టం. తెల్లవారుతుంటే డాక్టరమ్మ బయటికి వచ్చి, ఇంకో పావుగంట గుండె అనుకుని ఉంటే ఇక్కడ నిలబడి మాట్లాడేదాన్ని కాదు అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సార్ రాత్రంతా ఉన్నాడు. పొద్దున కాఫీ తెచ్చి ఇచ్చి, ట్రయల్ రద్దు అని రాస్తాను, అంతకంటే ఏమీ రాయను నాగవేణీ అన్నాడు. కాంట్రాక్టు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాఫీలో చక్కెర ఎక్కువైంది.

ఫిబ్రవరి 9

గొట్టం తీశారు. కళ్ళు తెరిచాడు.

ఫిబ్రవరి 10

అమ్మ నాతో మాట్లాడటం లేదు. టిఫిను తెచ్చి పక్కన పెడుతుంది, తినమనదు.

ఫిబ్రవరి 12

ఈరోజు నాయనకు మాట వచ్చింది. గొంతు జీరపోయి ఉంది. నిచ్చెన తానే వేసుకున్నాడట, స్ప్రేయరు దించుకున్నాడట. మందు భానుచందర్ అంగట్లోనే తెచ్చాడు. తెల్లవారకముందే కొట్టి, మొహం కడుక్కుని, ఏనుగుల కాపలా నుంచి వచ్చినట్టు వచ్చేవాడు. మీవాళ్ళు చూసేది క్యాబేజీ కదా అని దానికే కొట్టాడట. ఆవాల జోలికి పోలేదు, నువ్వు వద్దన్నావు కదా అన్నాడు. అన్నీ వద్దన్నాను. ఆయన విన్నది అదొక్కటే.

ఎందుకు నాయనా అన్నాను. కోపంగానే అడిగాను, ఏడుపు రాకుండా ఉండాలంటే నాకు కోపమే దిక్కు.

"సగం మోతాదే ఏసినానమ్మా. నీళ్ళే ఎక్కువ. వారానికి సంపుతాయంటివి. యాడ సూసినా బతికే ఉండాయి. నీ ఈగలు పని సేయలేదనుకున్యా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అంతమంది ముందర నీకు మాట రాకూడదని."

 ఆయన ప్రాణం నిలవాలని నేను కందిరీగలు తెచ్చాను. నా పేరు నిలవాలని ఆయన ఆ ప్రాణాన్నే భుజానికి తగిలించుకుని చేన్లోకి దిగాడు. మధ్యలో ఉన్నది నేను చెప్పకుండా మింగేసిన ఒక్క మాట. బస్సు టైమైందని మింగేశాను.

ఫిబ్రవరి 13

పాదాలు తిమ్మిరి అంటున్నాడు. చేతులు వణుకుతున్నాయి. కొంత తగ్గుతుంది, ఎంత అన్నది చెప్పలేం అంది డాక్టరమ్మ.

ఫిబ్రవరి 16, ఆదివారం

రూతు వచ్చింది. చర్చి నుంచి నేరుగా మా ఊరికి పోయిందట, ఎవరూ పొమ్మనకుండానే. ఆవాల సాళ్ళు చూసి వచ్చింది. సంచీలోంచి లోపలిది కనబడే ప్లాస్టిక్ స్వీటు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. ఆవాకు మీద నాలుగైదు పచ్చ పురుగులు. ఆకు అంచున తెల్లటి నూకలు. గూళ్ళు.

"ఆవాల మీద మొదటి కాన్పు అయిపోయిందక్కా. వాటి బిడ్డలు మళ్ళీ కుట్టినాయి. సాలంతా ఉండాయి" అంది.

మంచం అంచున కూర్చున్నాను. మందు పడని చోట అన్నీ సరిగ్గా జరిగాయి. నేను చెప్పిన దానికంటే నిదానంగా, నాకు తెలిసినట్టే.

నర్సు చూడకుండా డబ్బాను నాయన దిండు పక్కన పెట్టాను. ఒక పురుగు కదలడం మానేసి ఆకుకు అంటుకుని ఉంది. మేము చూస్తుండగానే దాని ఒంటికి ఒక పక్క చర్మం ఉబ్బింది, చిట్లింది. లేత పసుపు పిల్ల మెల్లగా బయటికి జరిగి, వెంటనే తల అటూ ఇటూ తిప్పుతూ దారం తీయడం మొదలుపెట్టింది. నాయన తల ఎత్తాడు. ఆ తిప్పడం ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్ళు చంద్రికల మీద అదే చూశాడు.

"గూడు కడతాండాది" అన్నాడు. తర్వాత పురుగు వంక చూశాడు. "అది ఇంకా బతికే ఉండాదే."

"ఉంటుంది నాయనా. ఇంకాసేపు. కందిరీగ కుట్టిన పురుగు వెంటనే చావదు, కందిరీగే దాన్ని చావనివ్వదు. దాన్ని పండనీకుండా ఆపేస్తుంది. ఆకు తింటూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, కానీ ఎప్పటికీ పండదు. నువ్వు చూసిన పురుగులన్నీ అవే. బతికి ఉన్నాయంటే పని అవుతోందని."

చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.

నాయన చాలాసేపు డబ్బానే చూశాడు. అమ్మ కూడా వచ్చి భుజం మీదుగా వంగి చూసింది. రూతు కిటికీ దగ్గరికి పోయింది.

"పండదు" అన్నాడు నాయన, తనలో తాను. "ఈ మాట సెప్పింటే తెలిసుండు గదమ్మా నాకు."

తప్పుపట్టినట్టు అనలేదు. పట్టుపురుగులకు ఆకు తక్కువైందని చెప్పినట్టు మామూలుగా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పది రోజులుగా రానిది ఇప్పుడొచ్చింది, కోపం అడ్డం రాలేదు. అమ్మ కొంగుతో నా ముఖం గట్టిగా తుడిచింది, చిన్నప్పుడు చీమిడి తుడిచినట్టు. 

నాయన డబ్బా తీసుకుని గూడు ఎంతవరకు వచ్చిందో చూడబోయాడు. చేతులు వణికి మూత టకటకమంది. దారం తీస్తున్న పిల్ల తల ఆపింది. ఆయన గబుక్కున డబ్బాను నా వైపు చాచాడు.

"నువ్వు పట్టుకో పాపా. కదిలితే గూడు సెడిపోతాది."

పట్టుకున్నాను. నా చేతిలోనూ మూత టకటకమంది. ఆయన తన చేతులు తెచ్చి నా చేతుల కింద పెట్టాడు.